ఈయూ రికవరీ ఫండ్: డబ్బు ఉమ్మడిది సరే, సంతకం ఎవరిది?

బనశంకరి_బాలు (ప్రశ్న)

నమస్కారమండీ. బెంగళూరులో మా తెలుగు చదువరుల గుంపు వచ్చే ఆదివారం చర్చకి ఐరోపా యూనియన్ (ఈయూ) ఉమ్మడి బడ్జెట్‌ని తీసుకుంది. ఇక్కడి నేపథ్యం మీకు తెలిసిందే. 14వ ఆర్థిక సంఘం లెక్కలో 4.713 శాతం ఉన్న కర్ణాటక వాటా 15వ దాంట్లో 3.647కి పడింది. 2024 ఫిబ్రవరి 7న ఇక్కడి మంత్రులు జంతర్ మంతర్ దాకా వెళ్లి కూర్చున్నారు. అప్పటి నుంచి ‘నన్న తెరిగె నన్న హక్కు’ (నా పన్ను, నా హక్కు) అనే మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ఐరోపాలో చూడండి, జర్మనీ ఇస్తుంది, పోలండ్ తీసుకుంటుంది, గొడవే లేదు’ అంటున్నారు. నాకది అంత తేలిగ్గా నమ్మబుద్ధి కావట్లేదు.

అడగాలనుకున్నవి ఇవీ: కోవిడ్ తర్వాత వాళ్లు తెచ్చిన రికవరీ ఫండ్ మన ఆర్థిక సంఘం పంపకం లాంటిదేనా? ఆ డబ్బు నేరుగా ప్రాంతాలకి (మన రాష్ట్రాల్లాంటి వాటికి) చేరుతుందా, దేశ రాజధానిలోనే ఆగుతుందా? దాని వల్ల ప్రాంతీయ పార్టీలకి, స్థానిక నాయకులకి బలం పెరిగిందా, తగ్గిందా? పేర్లు, అంకెలు ఉంటే మంచిది. ‘సమాఖ్య స్ఫూర్తి’ లాంటి మాటలు మా గుంపులో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

పద్దుల_పరంధామయ్య

బాలు గారూ, ముందు మీ గుంపులో ఒక అపోహ తీసేయండి. ఈయూ బడ్జెట్ చాలా చిన్నది. 27 దేశాల స్థూల జాతీయాదాయంలో సుమారు 1 శాతం. మన కేంద్రం ఒక్కటే జీడీపీలో 15 శాతం దాకా ఖర్చు పెడుతుంది. కాబట్టి ఆర్థిక సంఘంతో నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది. ఆర్థిక సంఘం పంచే 41 శాతం పన్నుల వాటా రాష్ట్రం చేతిలో పడ్డాక ఏం చేశావని ఎవరూ అడగరు. ఐరోపాలో అలా షరతు లేకుండా వచ్చే పైసా లేదు. పోలిక కావాలంటే మన కేంద్ర ప్రాయోజిత పథకాలతో పోల్చండి, లేదా సంస్కరణల షరతు పెట్టి రాష్ట్రాలకి ఇచ్చే 50 ఏళ్ల వడ్డీ లేని అప్పుతో పోల్చండి.

ఇప్పుడు డబ్బు వచ్చే కుళాయిలు. రెండున్నాయి, రెండిటి రాజకీయమూ వేరు.

మొదటిది కొహీజన్ నిధి, వెనకబడిన ప్రాంతాల్ని మిగతావాటి స్థాయికి తెచ్చేందుకు పెట్టింది. 2021-27కి దాదాపు 39,000 కోట్ల యూరోలు. (వాళ్ల ఒక బిలియన్ మన 100 కోట్లు. నేను కోట్లలోనే రాస్తాను.) దీన్ని చాలా దేశాల్లో ప్రాంతీయ ప్రభుత్వమే నడుపుతుంది. ప్రాజెక్టులు అదే ఎంచుతుంది, బిల్లులు అదే పోగేస్తుంది, ఖర్చు రుజువు చూపి బ్రస్సెల్స్ (అంటే ఈయూ కేంద్రం) నుంచి డబ్బు రాబడుతుంది. తన వాటా కూడా కలపాలి. తలసరి జీడీపీ ఈయూ సగటులో 75 శాతానికి తక్కువున్న ప్రాంతానికి బ్రస్సెల్స్ 85 శాతం దాకా ఇస్తుంది. 75కీ 100కీ మధ్య ఉంటే మామూలుగా 60, అంతకు మించితే 40. 10 కోట్ల యూరోల నీటి పథకానికి పేద ప్రాంతం 1.5 కోట్లు తెచ్చుకుంటే చాలు, ధనిక ప్రాంతం 6 కోట్లు తెచ్చుకోవాలి.

రెండోది మీరడిగిన రికవరీ ఫండ్. 2020 జులై 17 నుంచి 21 దాకా దేశాధినేతలు బ్రస్సెల్స్‌లో తెల్లవార్లూ బేరమాడి ఒప్పుకున్నది. మొత్తం 75,000 కోట్ల యూరోలు, 2018 ధరల్లో. మొదటి ప్రతిపాదనలో 50,000 కోట్లు గ్రాంటు, 25,000 కోట్లు అప్పు. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ అడ్డం తిరిగితే గ్రాంటు 39,000కి దిగి, అప్పు 36,000కి ఎక్కింది. ఈయూయే తన పేరున బాండ్లు అమ్మి డబ్బు తెచ్చింది. తీర్చడం 2028 నుంచి 2058 దాకా. సరిగ్గా అదే ఏడు మన కేంద్రం జీఎస్టీ పరిహారం కోసం రాష్ట్రాల తరఫున 1.1 లక్షల కోట్ల రూపాయలు అప్పు తెచ్చి వాటికిచ్చింది గుర్తుందా? మీ గుంపుకి దగ్గరి పోలిక అదీ.

ఇందులో పెద్ద ముక్క ఆర్‌ఆర్‌ఎఫ్, అంటే ‘రికవరీ అండ్ రెజిలియెన్స్ ఫెసిలిటీ’ (67,250 కోట్లు). దీనికి బిల్లులతో పనిలేదు. దేశం ఒక ప్రణాళిక రాస్తుంది. అందులో మైలురాళ్లు (చట్టం చేశారా, టెండరు పిలిచారా), లక్ష్యాలు (ఎన్ని బడి సీట్లు, ఎన్ని కిలోమీటర్ల రైలు) ఉంటాయి. ఏడాదికి రెండుసార్లకి మించకుండా వాయిదా అడగొచ్చు. కమిషన్ (ఈయూ పాలనా విభాగం) రెండు నెలల్లో పరిశీలించాలి. ఒక మైలురాయి తప్పితే దానికి తగ్గ మొత్తం ఆపి 6 నెలలు గడువిస్తారు, అప్పటికీ కాకపోతే కోత. దేశం తన వాటా కలపక్కర్లేదు, కానీ వ్యాట్‌ని ఇందులో లెక్కించరు. మైలురాళ్లకి ఆఖరి గడువు 2026 ఆగస్టు 31, చెల్లింపులకి డిసెంబరు 31.

మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ప్రణాళిక రాసేదీ, వాయిదా అడిగేదీ, సంతకం పెట్టేదీ దేశ ప్రభుత్వం. కొహీజన్‌లో సంతకం చాలాచోట్ల ప్రాంతానిది. కుళాయి మారేసరికి పెత్తనం కూడా మారింది.

హోసూరు_రోడ్డు

పైన చెప్పినదానికి ఇటలీ కథ కలుపుతాను. అసలు పాఠమంతా అక్కడే ఉంది.

ఇటలీకి అందరికంటే పెద్ద వాటా వచ్చింది: 19,150 కోట్ల యూరోలు. అందులో 6,890 కోట్లు గ్రాంటు, మిగతా 12,260 కోట్లు అప్పు. మొదటి ప్రణాళికలో 527 మైలురాళ్లు, లక్ష్యాలు. డబ్బింకా రాకముందే ప్రభుత్వం ఒకటి పడిపోయింది. 2021 జనవరిలో మత్తెయో రెంజీ చిన్న పార్టీ ప్రధాని కాంటె మంత్రివర్గం నుంచి బయటికొచ్చింది. రికవరీ ప్రణాళికని ఎవరు నడపాలన్నది ఆ గొడవలో ముఖ్యమైన ముక్క. ఫిబ్రవరి 13న మారియో ద్రాగీ ప్రధానిగా ప్రమాణం చేశారు.

దక్షిణాదికి న్యాయం చేయాలని ఒక నియమం పెట్టారు: ప్రాంతాలవారీగా పంచదగిన డబ్బులో కనీసం 40 శాతం దక్షిణాదికి వెళ్లాలి. వినడానికి బాగుంది. పంచే పద్ధతి మాత్రం పోటీ. మంత్రిత్వ శాఖ ప్రకటన ఇస్తుంది, మున్సిపాలిటీలు, ప్రాంతాలు దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడే బోల్తా. దరఖాస్తుకి డిజైను, అనుమతులు, ఖర్చు అంచనా అన్నీ సిద్ధంగా ఉండాలి. ఇంజనీరే లేని చిన్న మున్సిపాలిటీ ఏం పెడుతుంది? 2021 శరదృతువులో సిసిలీ నుంచి 31 సాగునీటి ప్రాజెక్టులు వెళ్లాయి. 31కి 31 తిరస్కరించారు, నిర్ణీత అర్హతలు లేవని. సిసిలీ రాజధాని పాలెర్మోలో నాయకులు రోమ్‌ని తిట్టారు, రోమ్ వాళ్లు ‘కాగితాలు మీరే సరిగ్గా పెట్టలేదు’ అన్నారు. ఎవరి మాటలోనూ పూర్తిగా తప్పు లేదు.

ఆ లోటు పూడ్చాలని దక్షిణాది కార్యాలయాలకి 2,800 మంది సాంకేతిక నిపుణుల కోసం పరీక్ష పెట్టారు. కొద్దికాలపు ఉద్యోగం, ఓ మోస్తరు జీతం. మొదటి విడతలో చాలా కుర్చీలు ఖాళీగా మిగిలాయి. అనుభవమున్న ఇంజనీరుకి అదే సమయంలో కాంట్రాక్టరు దగ్గర ఎక్కువ వస్తోంది కదా. శిశు సంరక్షణ సీట్లు చూడండి: మొదటి లక్ష్యం 2,64,480. 2023 చివర సవరణలో 1,50,480కి దించారు.

ఒక చిన్న ముచ్చట. ఫ్లోరెన్స్‌లో ఫుట్‌బాల్ స్టేడియం మరమ్మతు, వెనిస్ దగ్గర కొత్త స్టేడియం కూడా ‘నగర పునరుద్ధరణ’ పేరుతో జాబితాలో దూరాయి. 2023లో కమిషన్ కుదరదంది, తీసేయాల్సి వచ్చింది. మేయర్ల బాధ ఏమిటంటే, ఇటు ఊళ్లో మాట ఇచ్చేశారు, అటు టెండర్ల పని మొదలైపోయింది. ‘ఉమ్మడి డబ్బు’ అనే మాట ఎంత దూరం సాగుతుందో ఆ స్టేడియాల్ని చూస్తే తెలుస్తుంది.

రాజకీయ ఫలితం: 2022లో ప్రధాని మెలోనీ ప్రభుత్వం వచ్చాక రికవరీ ప్రణాళిక, కొహీజన్, దక్షిణాది వ్యవహారాలు మూడూ ఒకే మంత్రి రఫాయెలె ఫిట్టో చేతికి వెళ్లాయి. దక్షిణాదిలోని కాంపానియా ప్రాంతపు అప్పటి అధ్యక్షుడు విన్సెంజో డి లూకా జాతీయ కొహీజన్ నిధి విడుదల కోసం ఆయనతో నెలల తరబడి పోట్లాడి కోర్టుకెక్కారు. ఆ ఫిట్టో 2024 డిసెంబరు నుంచి బ్రస్సెల్స్‌లో కొహీజన్ చూసే ఉపాధ్యక్షుడు.

మారతహళ్ళి_మాధవి

‘గొడవే లేదు’ అన్నవాళ్లకి నా వంతుగా రెండు సంగతులు.

ఒకటి, గీతలు. పైన పరంధామయ్య గారు చెప్పిన 75 శాతం గీత ‘నట్స్-2’ అనే గణాంక ప్రాంతాల మీద లెక్కిస్తారు. రాజధాని నగరం ఆదాయం చుట్టుపక్కల పల్లెల్ని కూడా కాగితం మీద ధనికుల్ని చేసేస్తుంది. హంగరీలో బుడాపెస్ట్, చుట్టూ ఉన్న పెస్ట్ జిల్లా ఒకే ప్రాంతంగా ఉండేవి. 2018 నుంచి విడదీశారు. దాంతో పెస్ట్ వెనకబడిన ప్రాంతాల జాబితాలోకి వచ్చింది. పోలండ్ కూడా అదే సవరణలో వార్సాని మిగతా మజోవ్‌షె నుంచి వేరు చేసింది, అది కూడా గణాంకాల కోసం మాత్రమే. పాలన అలాగే ఉంది. బెంగళూరు అర్బన్ జిల్లాని పక్కన పెట్టి మిగతా కర్ణాటక తలసరి ఆదాయం లెక్కేస్తే ఆర్థిక సంఘం ‘ఆదాయ దూరం’ కొలమానంలో (15వ ఆర్థిక సంఘంలో దానికి 45 శాతం బరువు) బొమ్మ ఎలా మారుతుందో ఆలోచించండి. మనకి ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఉంది, వాడుకున్నారు.

రెండు, గడియారం. కొహీజన్ డబ్బు ఒక సంవత్సరం పద్దులో పడితే మూడేళ్లలోగా ఖర్చు రుజువు ఇవ్వాలి, లేకపోతే దానంతటదే రద్దు. ఎన్+3 అంటారు. ఇక్కడే రెండు కుళాయిలు ఒకదాన్నొకటి తొక్కేశాయి. ఆర్‌ఆర్‌ఎఫ్‌కి 2026 గడువు, పైగా సొంత వాటా అక్కర్లేదు. కొహీజన్‌కి సొంత వాటా కావాలి, గడువు ఇంకా దూరం. రెండూ చేయాల్సింది అదే ఇంజనీరు, అదే టెండరు విభాగం. ఏది ముందు చేస్తారు? కొహీజన్ ఫైళ్లు అటకెక్కాయి. పైగా దాని చట్టాలే 2021 జూన్‌లో వచ్చాయి, ఆలస్యంగా. కొహీజన్ కుళాయి ప్రాంతాలది కాబట్టి ‘ప్రాంతాలకి ఖర్చు పెట్టడం చేతకాదు’ అనే మాట రాజధానుల్లో బలపడింది. మన దగ్గర యూసీలు (ఖర్చు చేసినట్టు ఇచ్చే ధ్రువపత్రాలు) అందలేదని వెనకబడిన జిల్లాల గ్రాంటు ఆపేస్తే వినిపించే మాటా అదే.

బనశంకరి_బాలు

చాలా థాంక్స్ అండీ అందరికీ. ఒక అనుబంధ ప్రశ్న. హంగరీ, పోలండ్‌లకి డబ్బు ఆపారు కదా. తప్పు చేసింది దేశ ప్రభుత్వమైతే ప్రతిపక్షం చేతిలో ఉన్న నగరం ఎందుకు నష్టపోవాలి? దీన్ని అక్కడ ఎలా సర్దారు? ఇంకొకటి, డబ్బు తెచ్చినవాడికి ఓట్లు పడ్డాయా?

కోలారు_కామేశం

బాలూ, మొదటిదానికి నేను చెప్తాను.

2020/2092 అనే నియమావళి ప్రకారం చట్టబద్ధ పాలన దెబ్బతిని ఈయూ డబ్బుకి ముప్పు వస్తే నిధులు ఆపొచ్చు. 2022 డిసెంబరులో దాని కింద హంగరీకి మూడు కార్యక్రమాల్లో 55 శాతం చొప్పున, మొత్తం 630 కోట్ల యూరోలు ఆపారు. నువ్వడిగిన రక్షణ కాగితం మీద ఉంది: బ్రస్సెల్స్ ఆపినా సరే, లబ్ధిదారులకి ఇవ్వాల్సింది దేశ ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇచ్చి తీరాలి. కాగితం మీద అన్నాను ఎందుకంటే, ఇప్పటికే మంజూరైన వాడికి అది వర్తిస్తుంది. ఇంకా పిలవని టెండరుకి, ఎంపిక కాని ప్రాజెక్టుకి లబ్ధిదారు ఎవరు? ఎవరూ కాదు. నగరం నష్టపోయేది అక్కడ.

అందుకే ప్రతిపక్ష మేయర్లు వేరే దారి వెతికారు. 2019 డిసెంబరులో బుడాపెస్ట్, వార్సా, ప్రాగ్, బ్రాటిస్లావా మేయర్లు ‘స్వేచ్ఛా నగరాల ఒప్పందం’ చేసుకుని, దేశ ప్రభుత్వాన్ని దాటి నగరాలకే నేరుగా డబ్బివ్వండని బ్రస్సెల్స్‌ని అడిగారు. మర్యాదగా విన్నారు. పెద్ద కుళాయి మాత్రం దేశాల చేతుల్లోనే ఉంచారు. హంగరీ చివరికి 2024 ముగిసేసరికి గడువు దాటిపోయి 100 కోట్ల యూరోలకి పైగా శాశ్వతంగా పోగొట్టుకుంది.

పోలండ్‌లో మాత్రం ప్రాంతీయ స్థాయిలోనే ఈ మందు పనిచేసింది. 2019 నుంచి కొన్ని ప్రాంతీయ సభలు ‘ఎల్‌జీబీటీ భావజాలానికి’ వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. 2021 సెప్టెంబరులో కమిషన్ ఐదు వోయివోడ్‌షిప్‌లకి (ప్రాంతాలకి) ఉత్తరాలు రాసింది: వివక్ష ఉన్నచోట నిధుల చర్చ ఆపుతున్నాం అని. సెప్టెంబరు 22న ష్వెంతోక్షిస్కియె తీర్మానం వెనక్కి తీసుకుంది. నెల తిరక్కుండానే మావోపోల్‌స్కా, పోద్‌కర్పాచె, లుబ్లిన్ కూడా. అవన్నీ అప్పటి పాలక పక్షం పీఐఎస్ చేతిలో ఉన్న సభలే. వార్సాలో వాళ్ల పార్టీ బ్రస్సెల్స్‌ని తిడుతూనే ఉంది, ప్రాంతాల్లో అదే పార్టీ వెనక్కి తగ్గింది. ప్రాంతీయ నాయకుడికి రోడ్ల పద్దు కళ్లముందు ఉంటుంది కదా.

దేశ స్థాయిలో అంత త్వరగా తేలలేదు. 3,540 కోట్ల ఆర్‌ఆర్‌ఎఫ్ ప్రణాళిక 2022 జూన్‌లో ఆమోదం పొందింది, కానీ న్యాయవ్యవస్థ మైలురాళ్లు దాటక డబ్బు రాలేదు. ‘మేం వస్తే డబ్బు తెస్తాం’ అన్నది 2023 అక్టోబరు ఎన్నికల్లో ప్రతిపక్ష నేత డొనాల్డ్ టస్క్ శిబిరం ప్రచారంలో పెద్ద మాట. 2024 ఫిబ్రవరిలో, కొహీజన్ డబ్బు కూడా కలుపుకుని, 13,700 కోట్ల యూరోల దాకా తాళం తీశారు. విమర్శ ఏమిటంటే, చట్టాలు పూర్తిగా మారకముందే, హామీ చూసి తీశారని. ఇది న్యాయమైన విమర్శేనని నా అభిప్రాయం. ‘ప్రభుత్వం మారితే షరతు మెత్తబడుతుంది’ అనిపిస్తే రేపు మరో దేశం ఆ షరతుని రాజకీయంగానే చూస్తుంది.

హోసూరు_రోడ్డు

రెండో ప్రశ్న, ఓట్లు. తెచ్చినవాడికి పడతాయనుకుంటే కార్న్‌వాల్ చూడండి. బ్రిటన్‌లో ఈయూ సాయం బాగా దక్కిన ప్రాంతం, ఏళ్ల తరబడి అత్యధిక స్థాయి సాయం అందుకుంది. 2016లో 56.5 శాతం మంది ఈయూ వద్దన్నారు. వేల్స్‌లోని బ్లేనావ్ గ్వెంట్‌లో 62 శాతం. డబ్బు వచ్చిన చోటికి ఉద్యోగాలు రాలేదు. కొత్త రోడ్డు మీద కుర్రాళ్లు ఊరు వదిలి వెళ్లారు.

బోర్డులు పెట్టలేదేమో అనుకోకండి, అక్కడ బోర్డుకీ చట్టముంది. ఈఆర్‌డీఎఫ్ అనే ప్రాంతీయ నిధిలో 5 లక్షల యూరోలు దాటిన పనికి ఈయూ జెండా ఉన్న శాశ్వత ఫలకం పెట్టాలి. పెట్టకపోతే ఆ సాయంలో 3 శాతం దాకా కోయొచ్చు. మన రేషన్ షాపుల మీద ఎవరి ఫోటో ఉండాలన్న గొడవకి అన్నలాంటిది. ఫలకం ఉన్నా రిబ్బన్ కత్తిరించేది మేయరే. పేరు ఆయనకి, బరువు బ్రస్సెల్స్‌కి.

తర్వాత ఏమైందో కూడా చెప్పండి మీ గుంపుకి. బ్రెగ్జిట్ తర్వాత లండన్ దాని బదులు 260 కోట్ల పౌండ్ల (వాళ్ల మాటలో 2.6 బిలియన్) ‘షేర్డ్ ప్రాస్పెరిటీ ఫండ్’ పెట్టింది, మూడేళ్లకి. పాత ఈయూ డబ్బు వేల్స్ ప్రభుత్వం చేతుల మీదుగా నడిచేది. కొత్తది వేల్స్ ప్రభుత్వాన్ని దాటి నేరుగా స్థానిక కౌన్సిళ్లకి వెళ్లింది. వేల్స్ రాజధాని కార్డిఫ్ కోపం అర్థం చేసుకోవచ్చు. సంతకం గురించే మళ్లీ.

మారతహళ్ళి_మాధవి

ప్రాంతీయ పార్టీల బలం గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి రెండు ఉదాహరణలు.

స్పెయిన్‌లో కార్మిక చట్ట సంస్కరణ వాళ్ల రికవరీ ప్రణాళికలో ఒక మైలురాయి. ప్రధాని సాంచెజ్‌ది మైనారిటీ ప్రభుత్వం, నిలబడింది ప్రాంతీయ పార్టీల మద్దతు మీద. 2022 ఫిబ్రవరి 3న ఓటింగుకి వచ్చేసరికి కాటలోనియా ఈఆర్‌సీ, బాస్క్ పీఎన్‌వీ రెండూ వ్యతిరేకం. నవారాకి చెందిన యూపీఎన్ మద్దతిస్తానంది, దాని ఇద్దరు సభ్యులు పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు. బిల్లు పడిపోవాలి. ప్రతిపక్ష సభ్యుడొకరు ఇంటి నుంచి కంప్యూటర్లో పొరపాటున ‘అవును’ నొక్కారు. 175కి 174తో నెగ్గింది. వందల కోట్ల యూరోల వాయిదా ఒక తప్పు నొక్కు మీద నిలబడింది.

బెల్జియంలో తద్విరుద్ధం. అక్కడ ముందే వాటాలు తేల్చుకున్నారు: 592.5 కోట్ల యూరోల్లో ఫ్లాండర్స్ 225.5, వాలోనియా 148, ఫెడరల్ 125, ఫ్రెంచ్ సమాజం (ఫ్రెంచ్ భాషవాళ్ల ప్రభుత్వం) 49.5, బ్రస్సెల్స్ నగర ప్రాంతం 39.5, జర్మన్ సమాజం 5. పంపకం బాగానే ఉంది, చిక్కు తర్వాత వచ్చింది. మైలురాళ్లు దేశం మొత్తానికి ఒకే బుట్ట. ఫెడరల్ ప్రభుత్వం చేయాల్సిన పింఛను సంస్కరణ మొదటి వాయిదా నాటికి మైలురాయికి తగ్గట్టు లేదన్నారు. వాయిదాలో కొంత ఆగింది. తమ పని తాము చేసిన ప్రాంతాలు కూడా ఎదురుచూశాయి. వాటాలు విడగొట్టి పూచీ ఉమ్మడిగా ఉంచితే అంతే.

పద్దుల_పరంధామయ్య

ఇక ముందు ఏముందో ఒక ముక్క, తర్వాత ఒక హెచ్చరిక.

2025 జులై 16న కమిషన్ 2028-34 బడ్జెట్ ప్రతిపాదించింది, దాదాపు 2 లక్షల కోట్ల యూరోలు. వ్యవసాయం, కొహీజన్ రెండిటినీ కలిపి దేశానికొక ప్రణాళిక, వీటికి సుమారు 86,500 కోట్లు, చెల్లింపు ఆర్‌ఆర్‌ఎఫ్ పద్ధతిలో మైలురాళ్ల మీద. అంటే తాత్కాలికమని తెచ్చిన కుళాయి శాశ్వతమవుతోంది. ప్రాంతాల కమిటీ, యూరప్ పార్లమెంటు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. రైతు సబ్సిడీకీ ప్రాంతీయ రోడ్డుకీ ఒకే సంచి అయితే రాజధానిలో ఎవరి గొంతు పెద్దదో ఊహించుకోండి. పైగా పాత అప్పు తీర్చడానికి ఏడాదికి దాదాపు 2,500 కోట్లు అదే బడ్జెట్‌లోంచి పోవాలి.

హెచ్చరిక: మీ స్లైడుల్లో అంకెలు కలపకండి. 75,000 కోట్లు 2018 ధరల్లో, అదే 80,690 కోట్లు అప్పటి చలామణి ధరల్లో. 67,250 కోట్లు, 72,380 కోట్లు కూడా ఒకే ఆర్‌ఆర్‌ఎఫ్. ఇటలీ అంకె కూడా సవరణ తర్వాత 19,440 కోట్లయింది. రెండు వరసల నుంచి చెరొకటి తీసి శాతం కడితే, లెక్కలు తెలిసినవాడు మొదటి స్లైడులోనే పట్టేస్తాడు. అప్పు ముక్కని గ్రాంటుతో కలిపి ‘ఇంత డబ్బు ఇచ్చారు’ అనకండి, స్పెయిన్ మొదట్లో అప్పు ముట్టుకోకుండా గ్రాంటే తీసుకుంది.